ఖాతా ఎవరిది? సామాజిక మాధ్యమంపై ఆధారపడిన జీవిక – నిక్షేపధర్మ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: చిన్న వ్యాపారాలు సామాజిక మాధ్యమ ఖాతాల మీద నిలబడిన కాలంలో ఖాతా పోవడమంటే తరచుగా జీవిక పోవడమే అవుతున్నది. ఈ నష్టంలోని న్యాయాన్యాయాలను చర్చించేవారు సాధారణంగా ఒప్పందం, స్వామ్యం అనే రెండు భావనలను ఆశ్రయిస్తారు. ఆ రెండూ ఇక్కడి సంబంధాన్ని పూర్తిగా పట్టుకోలేవనీ, ధర్మశాస్త్రాలు చెప్పిన నిక్షేప భావన దానికి మరింత దగ్గరగా ఉంటుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ భావన వేదికను నడిపేవారికే కాక, దానిపై ఆధారపడినవారికి కూడా కొన్ని బాధ్యతలను నిర్దేశిస్తుందని నిరూపించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: ఖాతా, వాడుక, పరపతి, నిక్షేపం, ఆధారం, నమ్మకం, జీవిక.

1. ప్రస్తావన

సామాజిక మాధ్యమ ఖాతా పోవడానికి దారులు అనేకం. వేదికను నడిపే సంస్థ తన నియమాలకు విరుద్ధమని భావించి ఖాతాను నిలిపివేయవచ్చు. పాస్‌వర్డ్ తెలుసుకొన్న దొంగ దానిని స్వాధీనం చేసుకోవచ్చు. ప్రభుత్వం ఆ వేదికనే నిషేధించవచ్చు. చివరకు సంస్థే తన సేవను చాలించుకోవచ్చు. భారతదేశంలో ఎంతో ఆదరణ పొందిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలపాటు పనిచేయలేదు.

ఖాతా కాలక్షేపానికి మాత్రమే ఉన్నప్పుడు ఈ నష్టం కొన్ని జ్ఞాపకాలతో, కొన్ని పరిచయాలతో ముగుస్తుంది. వ్యాపారం దాని మీద నడిచేటప్పుడు ప్రశ్న స్వరూపమే మారుతుంది. ఒకరి స్థలంలో మరొకరు జీవికను నిర్మించుకొన్నారు. స్థలానికి అద్దె లేదు. కాని స్థలం ఇచ్చినవారు ఆ రాకపోకల వల్లనే ఆదాయం పొందుతున్నారు. అటువంటి స్థలం నుంచి హఠాత్తుగా పంపివేయబడిన వ్యక్తికి ఎవరు, ఏమి బాకీపడి ఉన్నారు? ఇది సాంకేతిక సమస్య కంటే ముందు నైతిక సమస్య.

2. పదాల సాక్ష్యం: ఖాతా, వాడుక

ఈ ప్రశ్నకు ప్రవేశద్వారం తెలుగు వ్యవహారంలోనే ఉంది. ‘ఖాతా’ హిందుస్తానీ నుంచి తెలుగు వ్యాపారభాషలోకి వచ్చిన మాట. చిట్టాలో రోజువారీ పద్దులు రాస్తారు. ఆవర్జాలో వ్యక్తుల వారీగా ఖాతాలు ఉంటాయి. ఊళ్లోని కిరాణా కొట్టులో ఒకరికి ‘ఖాతా ఉంది’ అంటే, కొట్టు యజమాని పుస్తకంలో ఆ పేరు మీద ఒక పుట ఉందని అర్థం. పుస్తకం కొట్టువానిది, పేరు ఖాతాదారుది, పుటలోని అంకెలు మాత్రం ఇద్దరి నడవడి వల్ల పుట్టినవి. ఆ పుటను కొట్టువాడు చించివేస్తే కాగితం అతనిదే కనుక తప్పులేదని ఎవరూ అనరు. సామాజిక మాధ్యమ ఖాతా కూడా స్వరూపంలో ఇటువంటిదే: పరుల పుస్తకంలో తన పేరున ఉన్న పుట.

‘వాడుక’ అనే మాట మరొక అంశాన్ని వెల్లడిస్తుంది. దీనికి ఉపయోగం అనే అర్థంతోపాటు అలవాటు, ఆనవాయితీ అనే అర్థాలు కూడా ఉన్నాయి. ‘వాడుకగా పాలు పోయడం’ అన్నప్పుడు అది ఒక్కనాటి క్రయవిక్రయం కాదు. రేపు కూడా పాలు వస్తాయని ఇంటివారూ, రేపు కూడా తీసుకొంటారని పాలవారూ లెక్కవేసుకొంటారు. కాగితం మీద సంతకాలు ఉండవు. అయినా మానదలచినవారు ముందుగా ఒక మాట చెప్పాలన్నది ఇరుపక్షాలూ ఎరిగిన మర్యాద. కాలక్రమంలో వాడుక బాధ్యతను పుట్టిస్తుందనే ఎరుక తెలుగు మాటలోనే నిక్షిప్తమై ఉన్నదన్నమాట. సాంకేతిక పరిభాషలోని ‘వినియోగదారు’ అనే పదం ఈ కాలపరిమాణాన్ని వదిలివేసి, వస్తువును వాడుకొని వెళ్లిపోయే వ్యక్తిని మాత్రమే సూచిస్తుంది.

3. కోల్పోయినదేమిటి?

వాదాన్ని స్పష్టం చేయడానికి ఒక సామాన్యమైన ఉదాహరణను ఊహించవచ్చు. మంగళగిరి నేతగాళ్ల వద్ద చీరలు కొని, ఫోటోలు తీసి, తన ఖాతాలో పెట్టి అమ్మే ఒక స్త్రీకి దుకాణం లేదు, బోర్డు లేదు. ఐదారేళ్లపాటు రోజూ చీరల రంగు, అంచు, నూలు గురించి రాస్తూ, అడిగినవారికి జవాబులిస్తూ, నచ్చని చీరను తిరిగి తీసుకొంటూ ఆమె కొనుగోలుదారులను సంపాదించుకొన్నది. ఒక ఉదయం ఖాతా తెరుచుకోదు. నియమోల్లంఘన జరిగిందని ఒక వాక్యం కనిపిస్తుంది. ఏ నియమమో, ఏ చర్య వల్లనో దానిలో ఉండదు.

ఆమె పోగొట్టుకొన్నవాటిలో చీరలు లేవు. అవి ఇంట్లోనే ఉన్నాయి. ఫోటోల నకళ్లు ఫోనులో ఉండవచ్చు. పోయినవి మూడు. మొదటిది చిరునామా: కొనుగోలుదారులు ఆమెను వెతుక్కొంటూ వచ్చే తావు. రెండవది పరపతి: ఏళ్ల తరబడి చేసిన న్యాయమైన లావాదేవీలకు సాక్ష్యంగా నిలిచిన వ్యాఖ్యలు, జవాబులు, మెప్పులు. మూడవది మాట: ఖాతా ఎందుకు కనిపించడం లేదో తన వారికి చెప్పుకొనే అవకాశం. ఈ మూడవ నష్టం సూక్ష్మమైనది కాని తీవ్రమైనది. అగ్నిప్రమాదంలో దుకాణం కాలిపోయిన వర్తకుడు ఆ బూడిద ముందు నిలబడి వచ్చినవారికి జరిగింది చెప్పగలడు. ఖాతా పోయినవారికి ఆ అవకాశం కూడా ఉండదు. ముందుగా డబ్బు పంపిన కొనుగోలుదారు దృష్టిలో ఆమె కనుమరుగైన మోసగత్తె. నిరపరాధికి అపకీర్తి కలగడం ఆర్థికనష్టంతో కొలవదగినది కాదు.

4. పూర్వపక్షం: ఒప్పందవాదం

ఈ నష్టానికి ఎవరూ బాధ్యులు కారనే వాదం ఒప్పందాన్ని ఆధారం చేసుకొంటుంది. ఖాతా తెరిచేటప్పుడే నియమాలు చూపబడినవి, ఆమె అంగీకరించింది, ఖాతాను నిలిపివేసే అధికారం సంస్థకు ఉందని ఆ నియమాలలోనే ఉంది. సేవ ఉచితం కనుక ఫిర్యాదుకు తావు లేదు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అనే సామెత ఈ వాదానికి లౌకిక రూపం. అడిగి తెచ్చుకొని పెట్టుకొన్న నగను సొంతదారు తీయమన్నప్పుడు తీయవలసిందే.

ఈ వాదంలో కొంత బలముంది. అయినా రెండు చోట్ల అది తడబడుతుంది. అంగీకారానికి నైతికబలం రావాలంటే నిరాకరించే అవకాశం నిజంగా ఉండాలి. కొనుగోలుదారులందరూ ఒకే సంతలో ఉన్నప్పుడు ఆ సంత నియమాలను అంగీకరించడం, ఒక్క నియమం గురించి కూడా బేరమాడే వీలులేని స్థితిలో తలూపడమే అవుతుంది. ఇక ‘ఉచితం’ అన్న మాట నిజానిజాల మిశ్రమం. చీరల కోసం వచ్చినవారి చూపును వేదిక ప్రకటనదారులకు అమ్ముకొంటుంది. ఆమె శ్రమ వల్ల వచ్చిన జనమే వేదికకు సరుకు. కనుక సామెతలోని ఉపమానం ఇక్కడ సగమే అన్వయిస్తుంది. నగ చేసినది వేదిక కావచ్చు. అందులోని బంగారం మాత్రం ఆమెది.

5. స్వామ్యవాదం, దాని పరిమితి

ఒప్పందవాదాన్ని తిరస్కరించేవారు చాలాసార్లు వెంటనే స్వామ్యవాదానికి మళ్లుతారు. తన శ్రమను దేనితో కలిపితే అది తనదవుతుందని జాన్ లాక్ పదిహేడవ శతాబ్దిలో ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి ఆధారం. ఐదారేళ్ల శ్రమ కలిసిన ఖాతా ఆమె సొత్తు అన్నది ఈ పక్షం.

కాని ఖాతాలోని అత్యంత విలువైన భాగం మనుషులు. ఆమెను అనుసరిస్తున్న కొనుగోలుదారులు ఎవరి ఆస్తీ కారు. వారు వేదికకూ సొత్తు కారు, ఆమెకూ సొత్తు కారు. వారి పేర్లనూ నంబర్లనూ మూటగట్టి ఆమెకు అప్పగించమనడం వారి గోప్యతకు భంగం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వెనుక ఉన్న దృష్టి కూడా వ్యక్తి సమాచారం మీద ఆ వ్యక్తి సమ్మతికే ప్రాధాన్యమిస్తుంది. స్వామ్యవాదం ఖాతాను వస్తువుగా చూసి, అందులోని సంబంధాన్ని విస్మరిస్తున్నది. ఒప్పందవాదం సంబంధాన్ని అంగీకరిస్తూనే దానికి కాలక్రమంలో చేరిన బరువును విస్మరిస్తున్నది. ఈ రెండింటి నడుమ మరొక భావన అవసరం.

6. సిద్ధాంతం: నిక్షేపధర్మం

మనుస్మృతి పేర్కొన్న పద్దెనిమిది వ్యవహారపదాలలో ఋణాదానం తరువాత రెండవది నిక్షేపం. ఒకరి ద్రవ్యాన్ని నమ్మకంతో మరొకరి వద్ద ఉంచడం దీని విషయం. యాజ్ఞవల్క్యస్మృతి దీనిని ఉపనిధి ప్రకరణంలో చర్చించింది. దానికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యానాన్ని పదమూడవ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగులోకి తేవడం వల్ల ఈ ఆలోచనాసరళికి తెలుగు సాహిత్యంలోనూ స్థానముంది. స్మృతులలోని వర్ణభేదాలు, వాటిని అనుసరించిన దండభేదాలు నేటికి ఆమోదయోగ్యం కావు. ఇక్కడ స్వీకరించేది నిక్షేప ప్రకరణంలోని తర్కాన్ని మాత్రమే.

ఆ తర్కంలో ముఖ్యాంశాలు నాలుగు. ఒకటి: ఉంచిన దానిని ఉంచిన రూపంలోనే తిరిగి ఇవ్వాలి. రెండు: రాజు, దైవం, దొంగలు – ఈ మూడింటి వల్ల నశించిన దానికి దాచినవాడు బాధ్యుడు కాడు. మూడు: సొంతదారు అడిగిన తరువాత ఇవ్వకుండా ఉన్న సమయంలో నశిస్తే బాధ్యత దాచినవానిపై పడుతుంది, అతడు దండనార్హుడు కూడా. నాలుగు: నిక్షేపాన్ని తన ఇష్టానుసారం వాడుకొని దానిపై బతికినవాడు దానిని వృద్ధితో సహా చెల్లించాలి. దాచినవాని సొత్తుతోపాటే నశించిన నిక్షేపం ఉంచినవాని నష్టంగానే పరిగణించబడుతుందని నారదస్మృతి చెప్పింది. అయితే అందులో కపటం ఉండరాదు.

ఖాతానష్టాలను ఈ కొలమానంతో చూస్తే వాటి నైతికభేదాలు స్పష్టమవుతాయి. 2020 నాటి నిషేధం రాజకృతం. వేదికే దేశంలో తన సమస్తాన్నీ కోల్పోయింది. ఖాతాదారుల నష్టానికి దానిని తప్పుపట్టలేము. ఖాతాను దొంగ ఎత్తుకుపోవడం తస్కరకృతం. అప్పుడు కూడా వేదిక నిర్దోషే. కాని సొంతదారు మొరపెట్టుకొన్న క్షణం వరకే. అడిగిన తరువాత జవాబు లేకుండా గడిచిన ప్రతి దినం మూడవ నియమం కిందకు వస్తుంది. 2021 అక్టోబరు నాటి అంతరాయం చూడటానికి దైవికంగా తోచినా, సంస్థ తన వ్యవస్థలో చేసుకొన్న మార్పే దానికి కారణమని ఆ సంస్థే ప్రకటించింది. కనుక అది దైవం ఖాతాలో వేయదగినది కాదు. ఇక వేదిక తానే ఒక ఖాతాను మూసివేసినప్పుడు మూడు మినహాయింపులలో ఏదీ వర్తించదు. దాచినవాని సొత్తు చెక్కుచెదరదు. ఉంచినవారిది మాత్రమే పోతుంది. నారదుని పరీక్షకు ఇది నిలవదు.

నాలుగవ నియమం ఈ చర్చకు అన్నింటికంటే విలువైనది. వేదిక నిక్షేపాన్ని దాచడమే కాదు, దానిపై బతుకుతున్నది కూడా. నిక్షేపంపై బతికేవాని బాధ్యత దాచినవాని బాధ్యత కంటే అధికమన్న స్మృతిదృష్టి, ‘ఉచితసేవ’ అన్న సమాధానాన్ని తలకిందులు చేస్తుంది.

ఒక ఆక్షేపం ఇక్కడ తలెత్తుతుంది. నిక్షేపం ముందుగానే ఉన్న వస్తువు. పరపతి అట్లా కాక వేదిక లోపలే పుట్టింది కదా? నారదస్మృతి దీనికి దారి చూపుతుంది. శిల్పి చేతికి ఇచ్చిన ద్రవ్యానికి కూడా నిక్షేపవిధి వర్తిస్తుందని అది చెబుతుంది. కంసాలికి ఇచ్చిన బంగారం అతని కొలిమిలోనే రూపం మార్చుకొంటుంది. అంతమాత్రాన నగ కంసాలిది కాదు. కూలి అతనికి చెందుతుంది, బంగారం ఇచ్చినవారికి చెందుతుంది.

మరి మనుషులతో కూడిన నిక్షేపాన్ని తిరిగి ఇవ్వడం ఎట్లా? జాబితా అప్పగించడం కుదరదని పై విభాగంలో తేలింది. ఇక్కడ ‘ప్రత్యర్పణ’ అంటే వెళ్లిన చోటు చెప్పనివ్వడం. ఖాతా స్థానంలో కొంతకాలం ఒక పలక నిలిపి, ఫలానా చోట లభిస్తారని రాసుకోనిస్తే, రాదలచినవారు వస్తారు, రానివారు ఆగిపోతారు. ఎవరి గోప్యతకూ భంగం ఉండదు. దేశమంతటా 2011 జనవరి 20 నుంచి అమలైన మొబైల్ నంబరు పోర్టబిలిటీ ఇటువంటి ప్రత్యర్పణకు ఒక ఉదాహరణ. సంస్థ మారినా నంబరు మారనవసరం లేకపోవడం వల్ల ఆ నంబరును నమ్ముకొన్న సంబంధాలు తెగిపోలేదు.

7. వేదిక పక్షం

నిక్షేపధర్మం వేదికను నిస్సహాయురాలిని చేస్తుందని అనుకోకూడదు. వాట్సాప్ సంస్థ భారతదేశంలో వెలువరించిన తొలి నివేదిక ప్రకారం 2021 మే 15 నుంచి జూన్ 15 వరకు ఒక్క నెలలోనే సుమారు 20 లక్షల భారతీయ ఖాతాలను నిలిపివేశారు. వాటిలో 95 శాతానికి పైగా అనుమతి లేని మూకుమ్మడి సందేశాల వల్ల మూసినవే. మోసాల నుంచి కోట్లమందిని కాపాడటానికి ఇటువంటి చర్యలు అవసరం. ఇంత సంఖ్యను మనిషి కన్ను ఒక్కొక్కటిగా పరిశీలించలేదన్నది కూడా నిజమే.

అయితే సంఖ్య పెద్దది కావడం తొందరను సమర్థిస్తుంది గాని మౌనాన్ని సమర్థించదు. మోసగాని ఖాతాను తక్షణం ఆపడం వేరు. ఆపిన తరువాత కారణం చెప్పకపోవడం, చెప్పుకొనేది వినకపోవడం వేరు. యంత్రం చేసిన నిర్ణయంలో పొరపాటు తప్పదని అంగీకరించినప్పుడే, ఆ పొరపాటును సరిదిద్దే మనిషి ఒకరు ఉండాలన్న బాధ్యత బలపడుతుంది. కొద్దిమంది నిరపరాధుల నష్టం అధికసంఖ్యాకుల రక్షణకు మూల్యమని వాదించేవారు, ఆ మూల్యాన్ని నిరపరాధుల చేతనే పూర్తిగా చెల్లింపజేయడం న్యాయమేనా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంటుంది.

8. ఆధారపడినవారి బాధ్యత

నైతికవిచారం ఇక్కడ ఆగిపోతే ఏకపక్షమవుతుంది. అనెట్ బేయర్ 1986లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో నమ్మడానికీ కేవలం ఆధారపడటానికీ గల భేదాన్ని వివరించింది. ఆధారపడినది విఫలమైతే నిరాశ కలుగుతుంది. నమ్మినవారు విఫలమైతే ద్రోహం జరిగిందని అనిపిస్తుంది. గడియారం మీద ఆధారపడతారు, స్నేహితుని నమ్ముతారు. వేదిక విషయంలో చాలామంది ఆధారపడుతూనే నమ్ముతున్నట్లు ప్రవర్తిస్తారు. తమ పేరు కూడా తెలియని వ్యవస్థ తమ మేలు కోరుతుందని భావించడం వివేకం కాదు.

దీనికి మించిన అంశం ఒకటుంది. పై ఉదాహరణలోని స్త్రీ వేదిక వద్ద నిక్షేపం ఉంచిన వ్యక్తి మాత్రమే కాదు. ఆమె వద్ద కూడా ఇతరుల నిక్షేపాలు ఉన్నాయి. చీరలు అరువుగా ఇచ్చిన నేత కుటుంబాలు, ముందుగా డబ్బు చెల్లించిన కొనుగోలుదారులు ఆమెను నమ్మారు. తన జీవికను ఒకే ద్వారానికి కట్టివేయడం తనకు మాత్రమే సంబంధించిన సాహసమైతే దానిని ఆమె ఇష్టానికి వదిలివేయవచ్చు. కాని ఆ ద్వారం మూసుకొంటే నష్టపోయేవారిలో మగ్గం మీద కూర్చున్నవారు కూడా ఉన్నప్పుడు, రెండవ దారిని సిద్ధం చేసుకోవడం ముందుజాగ్రత్త స్థాయిని దాటి ధర్మమవుతుంది. కొనుగోలుదారుల అనుమతితో వారి నంబర్లను సొంత పుస్తకంలో రాసుకోవడం, ముందస్తు చెల్లింపులకు రసీదు ఇవ్వడం, వేదికకు బయట కూడా తనను చేరుకొనే చిరునామాను ప్రతి పొట్లం మీద ముద్రించడం – ఇవి చిన్న పనులే గాని వీటి వెనుక నిక్షేపధర్మం ఉంది.

ఈ బాధ్యతను అంగీకరించడం వేదిక దోషాన్ని తగ్గించదు. తలుపుకు గడియ పెట్టుకోని ఇంట్లో జరిగినా దొంగతనం దొంగతనమే. ఇక్కడ రెండు బాధ్యతలున్నాయి. ఒకటి మరొకదానికి బదులు కాదు. బలహీనునికి జాగ్రత్తను బోధించి బలవంతుని న్యాయం నుంచి తప్పించడం ఈ చర్చలో తరచుగా జరిగే పొరపాటు.

9. చట్టం నడిచిన దూరం

అంతర్జాలం ద్వారా వృత్తి, వ్యాపారాలు సాగించే స్వేచ్ఛకు రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణ రక్షణ ఉందని 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ప్రకటించింది. అయితే ఆ తీర్పు ప్రభుత్వం విధించిన నిలుపుదలకు సంబంధించినది. ప్రైవేటు వేదికల విషయంలో 2021 ఫిబ్రవరి 25న ప్రకటించిన సమాచార సాంకేతిక నియమాలు కొంత ముందడుగు వేశాయి. ఫిర్యాదును 24 గంటలలో స్వీకరించినట్లు తెలిపి 15 రోజులలో పరిష్కరించాలనీ, పెద్ద వేదికలు తమంతట తాము సమాచారాన్ని తొలగించేటప్పుడు కారణం తెలిపి, వాదించుకొనే అవకాశం ఇవ్వాలనీ అవి నిర్దేశించాయి. 2022 అక్టోబరు సవరణ ద్వారా వేదిక నిర్ణయంపై అప్పీలు వినే కమిటీలకు మార్గం ఏర్పడింది. ఐరోపా సమాఖ్యలో 2020 జూలై 12 నుంచి అమలైన నిబంధన వ్యాపార వినియోగదారులను ప్రత్యేకవర్గంగా గుర్తించి, కొన్ని మినహాయింపులతో, సేవను పూర్తిగా రద్దు చేసే ముందు కనీసం 30 రోజుల గడువు, కారణాల వివరణ ఉండాలన్నది.

ఈ విధులన్నీ రెండు అంశాల చుట్టూ తిరుగుతున్నాయి: కారణం, గడువు. నిక్షేపధర్మం కోరే మూడవ అంశమైన ప్రత్యర్పణ, అంటే వెళ్లిన చోటు చెప్పనివ్వడం, వీటిలో స్పష్టరూపం పొందలేదు. చట్టం ఖాతాదారును ఇంకా ఫిర్యాదుదారుగానే చూస్తున్నది. నిక్షేపకర్తగా చూడటం లేదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు. జీవిక నిలిచిన ఖాతా పూర్తిగా వేదిక సొత్తూ కాదు, పూర్తిగా ఖాతాదారు సొత్తూ కాదు; అది ఒకరి శ్రమ, మరొకరి స్థలం, అనేకుల నమ్మకం కలిసి ఏర్పడిన నిక్షేపం. రాజు, దైవం, దొంగ కారణమైన నష్టానికి వేదికను నిందించడం న్యాయం కాదు. తాను చేసిన చర్యకు కారణం చెప్పకుండా, అడిగినా పలకకుండా ఉండటం న్యాయం కాదు. నిక్షేపంపై బతికేవారికి దానిని కాపాడే బాధ్యత ఎక్కువ. నిక్షేపం ఉంచినవారు కూడా ఇతరుల నమ్మకాన్ని మోస్తున్నంతవరకు జాగరూకతకు బద్ధులు.

స్మృతికారులు నిక్షేపాన్ని ఋణం వెంటనే చెప్పడంలో ఒక ఔచిత్యం కనిపిస్తుంది. ఋణంలో పత్రం ఉంటుంది, సాక్షులు ఉంటారు, వడ్డీ లెక్క ఉంటుంది. నిక్షేపంలో చాలాసార్లు నమ్మకం ఒక్కటే ఉంటుంది. పత్రం ఎక్కడ బలహీనమో ధర్మం అక్కడ బలంగా ఉండాలన్న ఆ ఎరుక, కోటానుకోట్ల పుటలు పరుల పుస్తకాలలో తెరుచుకొంటున్న నేటికాలానికి మరింత అవసరం.